కడుపు వంతు

ఆ ఏడు కాఫీ పండు ముందే ఎరుపెక్కింది. కార్తీకం సగానికే కొమ్మలు వంగిపోయాయి. ఊళ్ళో నడవగలిగిన ప్రతి మనిషీ నడుముకు బుట్ట కట్టుకుని సిల్వర్ ఓక్ చెట్ల కింద తిరుగుతున్న రోజుల్లో సుజాన మా గట్టెక్కి వచ్చి నా చేతిలో ఒక తెల్ల సీసా పెట్టింది.

సుజాన మిషన్ డిస్పెన్సరీలో నర్సు. ఆదివారం మధ్యాహ్నాలు చర్చి పాకలో ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పేది కూడా ఆమే. నేను ప్రార్థనకు వెళ్ళే మనిషిని కాను. అక్షరాల కోసం వెళ్ళాను. భర్త పోయిన తరవాత, నలభై ఆరో ఏట పలక పట్టాను. రెండేళ్ళకు బస్సు మీద ఊరిపేరు చదవగలిగాను. మా ఊరి ఆడవాళ్ళలో చదవడం వచ్చినది అప్పటికి నేనొక్కతినే. సీసా నా చేతికి రావడానికి కారణం అదే.

“పిన్నీ, రమణికి మూడు నెలల మందు ఇది. నూరు మాత్రలు. నేను రేపు ట్రైనింగుకి ఎలిపోతన్నాను, మళ్ళీ పిబ్రవరిలోనే రావడం. రోజుకొకటి. తెల్లారగానే, పరగడుపున. ఏసుకున్నాక గంటదాకా అంబలి కూడా పొయ్యకు.”

“అంబలి తాగకండా పనికెలా ఎల్తాది? కడుపుతో ఉన్న గుంట.”

“కడుపుతో ఉంది కాబట్టే సెప్తన్నాను.”

రమణి నా కోడలు. టైడా వైపు పిల్ల. మా అబ్బాయి ధర్మను మనువాడక ముందే పట్నంలో ఆమె మెడ గడ్డ కోసి తీసేశారు. గొంతు మీద అడ్డంగా ఒక సన్నని మచ్చ ఉండేది, పూసలదండ వేసుకుంటే కనిపించేది కాదు. అప్పుడు నాలుగో నెల.

సుజాన నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. “గడ్డతోపాటు గొంతులో ఉండే థైరాయిడ్ మొత్తం తీసీసారు పిన్నీ. అది సేసే పని ఇప్పుడీ మాత్రే సేత్తాది. ఊట ఎండిపోతే ఏటి సేత్తాం? రోజూ కిందకెల్లి కడవతో మోసుకొత్తాం. నాలుగురోజులు మోసి ఆగిపోతే అవుద్దా? ఇప్పుడు బిడ్డకి కూడా ఆ నీల్లే గావాల. అందుకే డాక్టరు గారు రక్తం పరీక్ష సూసి మోతాదు పెంచీరు. బతికున్నన్నాళ్ళూ ఏసుకోవాల.”

తరవాత ఒక కాగితం మీద ‘రమణికి మాత్రమే. రోజుకు ఒకటి’ అని రాసి, నాచేత పైకి చదివించింది. ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కుని చదివాను. రమణి గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “మా అత్త డాక్టరైపోనాది. ఇంక మనకి సూదులు కూడా పొడిసీగలదు.”

రెండు పొద్దులు సరిగానే ఇచ్చాను.

మూడోనాడు మగవాళ్ళు అడవిపందిని కావిడికి వేసి మోసుకొచ్చారు. ఊరి మధ్య బండ మీద అడ్డాకులు వరసగా పరిచారు. మా దగ్గర వేట ఎవరు కొట్టినా పొయ్యికొక వంతు. ముసలివాళ్ళకూ, కాళ్ళు లేనివాళ్ళకూ, వేటకు మగవాడు వెళ్ళని ఇంటికీ అంతే వంతు. కడుపుతో ఉన్న ఆడదానికి ఇంకొక ఆకు వేస్తారు. దాన్ని కడుపు వంతు అంటాం. పుట్టని బిడ్డ కూడా ఊరి మనిషే కనుక. నా భర్త మలేరియాతో పోయాక మూడేళ్ళపాటు మా ఇంటినుంచి వేటకు వెళ్ళినవాడు లేడు. ధర్మ అప్పటికి చిన్నవాడు. ఒక్కసారి కూడా మా ఆకు ఖాళీగా లేదు. ఇది మరిచిపోయి నా తప్పు రాస్తే అబద్ధం రాసినట్టే.

పంచేది బుధు. ఊరికి పెద్ద, నాకు వరసకు బావ. అతను మా ఆకులో మాంసం వేసి, పక్కన కడుపు వంతు ఆకు పరుస్తుంటే ఈశ్వరమ్మ గొంతు వినిపించింది. ఈశ్వరమ్మ మా తోడికోడలు, పెద్దామె. ఆమె మెడ కింద రెండు సీతాఫలాలు మూటగట్టి వేలాడదీసినట్టు ఉంటుంది. మా ఊళ్ళో పెద్ద గడ్డ ఆమెదే కాని గడ్డ ఉన్నది ఆమెకొక్కదానికే కాదు. పదిహేను పొయ్యిలకు పదమూడింటిలో ఎవరో ఒకరికి ఉంది. నాకూ నిమ్మకాయంత ఉంది.

“పంది మాంసమైతే పంచుకుంటాం గాని మందు మాత్రం దాసుకుంటాం కామోసు,” అంది.

“ఏ మందక్కా?”

“ఏ మందట! ఓలమ్మ, ఏటీ తెలీనట్టే! సుజాన తెచ్చిన సీసా. నూరు మాత్రలంట.”

“అది రమణికి. ఆ గుంట రోజూ ఏసుకోవాలంట.”

ఈశ్వరమ్మ రమణి దగ్గరకు వెళ్ళి, గడ్డం పట్టుకుని, మొహం పైకెత్తి అందరికీ చూపించింది. “గడ్డేదీ? అరిటి బోదెలాగ నున్నగున్నాది. ఇప్పుడు నా మెడ సూడండి. గడ్డ నేని మెడకి గడ్డ మందేటే? కడుపు నిండినోడికి పిలిసి అంబలి పోసినట్టు!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రమణి కూడా, గడ్డం ఆమె చేతిలో ఉండగానే నవ్వింది.

బుధు నవ్వలేదు. కత్తి బండ మీద పెట్టి మెల్లగా అడిగాడు. “సదువొచ్చినదానివి, నువ్వే సెప్పు. ఊళ్ళోకొచ్చింది ఏదైనా ఒక్క పొయ్యికి పోనాదా ఎప్పుడైనా?”

కోపంగా అడిగి ఉంటే నేనూ కోపంగా జవాబు చెప్పేదాన్ని. సుజాన చెప్పిన ఊట మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాని మా ఆకు వైపు చూశాను. రెండాకులు. పక్కన ఈశ్వరమ్మకు ఒక్క ఆకు, ఆ ఇంట్లో ఏడుగురు. ఇంట్లోకి వెళ్ళి సీసా తెచ్చాను.

నేనే లెక్కపెట్టాను. తొంభై ఎనిమిది. మా పొయ్యి కాక గడ్డలున్న పొయ్యిలు పన్నెండు. రమణికి ఒక వంతు, కడుపు వంతు ఇంకొకటి. మొత్తం పద్నాలుగు. వంతుకు ఏడు. ఒక్క మాత్ర మిగలలేదు, ఒక్క మాత్ర తక్కువ కాలేదు. చర్చి పాకలో నేర్చుకున్న భాగహారం అంత తిన్నగా కుదరడం నాకు అదే మొదటిసారి. “సూడండి, అక్షరం గొప్ప,” అన్నాడు బుధు. నాకు గడ్డ ఉన్నా నా వంతని వేరే తీసుకోలేదు. ఆ మాట ఆ పూటే నలుగురికి చెప్పుకున్నాను కూడా.

ఇంటికి వస్తుంటే రమణి అంది, “అత్తా, రోజుకొకటి అన్నారు కదా.”

“రెండు వంతులిచ్చాం కదే. ఊరందరికంటే నీకే ఎక్కువ.”

ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే తిట్టేదాన్నేమో. పద్నాలుగు మాత్రలు సీసాలో వేసి మళ్ళీ లెక్క కట్టాను. వారానికొకటి చొప్పున ఇస్తే పద్నాలుగు వారాలు. సుజాన వచ్చేదాకా వస్తాయి, ఇంకా మిగులుతాయి. ప్రతి సోమవారం తెల్లారగానే, పరగడుపున, మంచినీళ్ళతో నా చేత్తో ఇచ్చాను. ఒక్క సోమవారం తప్పలేదు.

పుష్యం వచ్చేసరికి చలి గట్టిగా పట్టింది. పొద్దెక్కేదాకా లోయ కనిపించదు. పదకొండింటికి కిరండూల్ పాసింజరు కూత వినిపిస్తే అందరం దుప్పట్లు తీసి కొమ్మకు వేసేవాళ్ళం. రమణి తీసేది కాదు. నడినెత్తి ఎండలో కూడా దుప్పటి కప్పుకునే పండు కోసేది. ఒక్కొక్క పండూ వేళ్ళతో తడిమి, చూసి, ఆలోచించి కోసేది. మాకు మూడు బుట్టలు నిండేసరికి ఆమెది అడుగైనా దాటేది కాదు.

“ఒలే, పండు కోత్తన్నావా, పండుతో మాటాడతన్నావా?” అని చెట్లకు ఆ వైపునుంచి ఎవరో అరిచేవారు.

“సేతులు రావట్లేదు,” అనేది రమణి. గొంతు బొంగురుపోయి మగవాడి గొంతులా ఉండేది. చలి అనుకున్నాం. మొహం ఉబ్బింది. కళ్ళ కింద నిండుగా, తెల్లగా. కడుపు కళ అనుకున్నాం. “మగబిడ్డే, అందుకే తల్లి మొహం అలా నిండింది,” అని ఈశ్వరమ్మ జోస్యం చెప్పింది.

ఒకరోజు సిల్వర్ ఓక్ మొదలుకు ఆనుకుని, ఒడిలో పండు పోసుకుని నిద్రపోతోంది. మేస్త్రీ అటే వస్తున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. భుజం పట్టి ఊపాను. “నెగు. ఏటీ నిద్ర? ధర్మ కడుపులో ఉన్నప్పుడు నేను తొమ్మిదో నెలదాకా రాగులు దంచినాను. నువ్వొక్కదానివే మోత్తన్నావేటి లోకంలో బిడ్డని?”

రమణి కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఆ చూపు నా దాకా రావడానికి చాలాసేపు పట్టింది. నోరు తెరిచి ఏదో అనబోయి, వెతుక్కుని, మానేసి, చెట్టు పట్టుకుని లేచింది. ఒడిలోని పండంతా నేల మీద పడింది. వంగి ఏరడం మొదలుపెట్టింది. నేను సాయం చెయ్యలేదు.

ధర్మ పండు పిండే షెడ్డులో పని చేసేవాడు. వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. ఆ వారం వచ్చి, పెళ్ళాం మొహం చూసి, పెరట్లో నా దగ్గరకొచ్చాడు.

“అమ్మా, రమణి మరీ మెల్లగా మాటాడతంది. ఒకటి అడిగితే సేపటికి సెప్తంది. కిందకి తీసుకెల్లి సూపిద్దునా?”

“కోత మద్దిలో షెడ్డు మానీసెల్తే మళ్ళీ నిన్ను రానిత్తారా? సుజాన వచ్చీత్తాది. పదిహేను రోజులే కదా.”

“మాత్ర ఇత్తన్నావా?”

“ఇత్తన్నాను. ఒక్క వారమూ తప్పనేదు.”

వాడికి వారం అన్న మాట పట్టలేదు. ఆకులు పరిచిన రోజు వాడు ఊళ్ళో లేడు. నేను అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పి ఉంటే ఇప్పుడు కొంచెం సులువుగా ఉండేది, ఎక్కడ తప్పు చేశానో అక్కడ వేలు పెట్టి చూపించేదాన్ని.

ఫిబ్రవరి మొదటి సోమవారం. పదో మాత్ర. రమణి మింగి, నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టింది.

“అత్తా, నిన్న మద్దేన్నం కాడినుంచి కదల్నేదు.”

“ఏటి?”

ఆమె కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. అంతే.

నేను పొయ్యి రాజేశాను. అంబలి వేడిగా కాచి, బెల్లం వేసి తాగించాను. కడుపులో వేడి తగిలితే కదులుతాడన్నాను. ఎడమపక్కకు తిరిగి పడుకోమన్నాను. ఎండ గుమ్మంలోకి వచ్చేదాకా ఆమె పక్కన కూర్చుని, కడుపు మీద చెయ్యి పెట్టి చూశాను. నా అరచెయ్యి ఎంత చల్లగా ఉందో ఆమె చర్మమూ అంత చల్లగా ఉంది.

కాఫీ బస్తాల జీపులో అరకు వెళ్ళాం. అక్కడ చూసి కొండ కిందికి, పట్నానికి పొమ్మన్నారు. కింద ఆసుపత్రిలో రెండో రోజు కాన్పయింది. మగబిడ్డ. ఈశ్వరమ్మ జోస్యం తప్పలేదు. ధర్మ గుడ్డలో చుట్టిన బిడ్డను పట్టుకుని, ఎటు వెళ్ళాలో తెలియక మెట్ల మీద కూర్చుండిపోయాడు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. రమణి గొంతు మీద మచ్చ చూసి మందేదని అడిగింది. సీసా, సుజాన కాగితం నా చెంగున ఉన్నాయి. తీసి ఇచ్చాను.

“ఇందులో రాసినట్టే వేశారా?”

నేను ఆ కాగితం మీది అక్షరాలే చూస్తున్నాను.

“చదవడం వచ్చా అమ్మా మీకు?”

“వచ్చు.”

ఆమె సీసా వంచి చూసింది. నాలుగు మాత్రలు దొర్లాయి. రక్తపరీక్ష కాగితం తిప్పి, అయిదులోపు ఉండవలసిన అంకె నూరు దాటిందని చూపించింది. ఆ అంకె నేనే చదివాను. “బిడ్డ పోవడానికి ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను,” అంది. “ఇది చాలు అని మాత్రం చెప్పగలను. ఇంకొన్నాళ్ళయితే ఈ అమ్మాయి కూడా లేచేది కాదు.”

సుజాన ఆ నెలాఖరుకు వచ్చింది. ఎవరో దారిలోనే చెప్పినట్టున్నారు, చేతిసంచీతోనే మా గుమ్మానికి వచ్చింది. రమణి లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

“పిన్నీ, కాయితం సదివించేను కదా నీసేత.”

“సదివేను.”

“మరి?”

“ఊరంతా అడిగినారు.”

“అడిగితే? నీ కంట్లో మందెయ్యమని సీసా ఇత్తే ఊరందరి కళ్ళల్లో సుక్కేత్తావా?”

వేస్తానని చెప్పాలనిపించింది. నిజంగానే వేసేదాన్నేమో. సుజాన ఇంకేమీ అనకుండా లేచి, ఒక్కొక్క గడపకూ తిరిగింది. నేను వెనకాల వెళ్ళాను. ఒక ఇంట్లో మాత్రలు పసుపు గుడ్డలో కట్టి దేవత గూట్లో పెట్టారు. ఒక ఇంట్లో నూరి మెడకు పట్టువేశారు. బుధు ఇంట్లో నీరసంగా ఉన్న కోడికి రెండు వేశారట, మిగిలినవి దాచారు. ఈశ్వరమ్మ ఏడూ ఒక్కరోజే మింగింది. రెండు రోజులు గుండె దడదడలాడిందనీ, గడ్డ మాత్రం అలాగే ఉందనీ, ఆ సీసా మందు ఉత్తిదనీ చెప్పింది. సుజాన దోసిట్లోకి తిరిగి వచ్చినవి ముప్పై ఒకటి. ఎవరూ ముట్టుకోనివి. రమణికి అచ్చంగా ఒక నెల.

“ఇవి మీ గడ్డకి మందు కాదు,” అని సుజాన ఈశ్వరమ్మ వాకిట్లో నిలబడి అందరికీ వినిపించేలా చెప్పింది. “మీ గడ్డ వేరు. ఒక్కొక్కరికీ రక్తం తీసి సూడాల. ఇక పుట్టబోయే పిల్లలకి రాకండా ఉండాలంటే అయొడిను కలిపిన పేకెట్టు ఉప్పు కొనండి. పశువుల కోసమమ్మే రాళ్ళుప్పు తెచ్చి, కడిగి మరీ కూరలో ఏత్తన్నారు.” అందరూ తల ఊపారు. నాకు తెలిసిన ఊపు అది. కార్తీకంలో మా అరుగు మీద నేనూ అలాగే ఊపాను.

ఆ సాయంత్రం ఊరు ఊరంతా మా ఇంటికి వచ్చింది. పొయ్యికొకరు. తలా దోసెడు బియ్యం, సామలు, ఎండుచేపలు ఆకుల్లో తెచ్చి పెట్టారు. ఈశ్వరమ్మ నా పక్కన కూర్చుని నా వీపు నిమిరింది.

“దేవత అలా రాసింది సెల్లీ. నీ తప్పేటున్నాది, నా తప్పేటున్నాది? అందరం కలిసి సేసిందే కదా.”

అందరం కలిసి చేసిందే. లోపల రమణికి పాలు ఇంకా ఆగక జాకెట్టు తడిసిపోతోంది. పాత చీర చింపి రొమ్ములకు బిగించి కట్టమని నేనే ఇచ్చాను. కట్టడానికి నన్ను దగ్గరకు రానివ్వలేదు. తనే, వెనక్కి చేతులు పెట్టుకుని, ముడి అందక, మళ్ళీ మళ్ళీ కట్టుకుంది. ఈశ్వరమ్మ చెయ్యి నా వీపు మీదనుంచి తీసేశాను. ఆమె నొచ్చుకుంది. ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటుంది.

తరవాత సుజాన మందు రమణి చేతికే ఇవ్వడం మొదలుపెట్టింది. రెండు నెలలకు గొంతు తేరుకుంది. మొహం వాపు దిగి, మళ్ళీ మునుపటి రమణి మొహం బయటపడింది. ఆరు వారాలకొకసారి రక్తం ఇచ్చి రావడానికి ఒక్కతే అరకు వెళ్ళేది. నా మీద ఒక్క మాట తూలలేదు. అంబలి పోస్తుంది. తలకు నూనె రాస్తుంది. అత్తా అనే పిలుస్తుంది. ధర్మ అడిగితే, “అత్తకేటి తెలుసు,” అందట. ఆ మాట నన్ను కాపాడడానికన్నదో, కొట్టడానికన్నదో నాకు తెలియదు.

సీసా ఎక్కడ పెడుతుందో మాత్రం నాకు కనిపించదు. తలుపు గొళ్ళెం లేని ఇల్లు మాది. నాలుగు కుండలు, ఒక రేకు పెట్టె. అందులో ఒక మనిషి ఒక వస్తువును ఏడాదిపైగా దాచగలిగిందంటే, రోజూ ఎంత ఆలోచించి చోటు మారుస్తుందో అనుకుంటాను.

ఈ ఏడు కోతల ముందు శుక్రవారం సంతకు వెళ్ళాను. పేకెట్టు ఉప్పమ్మే గంగాభవాని దగ్గర నాలుగు పేకెట్లు తీసుకుంటుంటే అడిగింది.

“నీ కోడలికి అయిదో నెలంట కదా? మొన్న రక్తం పరీక్షకొచ్చి ఇక్కడే కూకుంది పాపం, నీల్లిచ్చేను. ఈసారైనా బరువులెత్తనీకమ్మా.”

“ఎత్తనివ్వనమ్మా,” అన్నాను. నాకు ముందే తెలిసినట్టు.

ఇంటికి వచ్చేదాకా అడగాలనే అనుకున్నాను. రమణి వాకిట్లో సామలు చెరుగుతోంది. చీర వదులుగా, ఎత్తుగా కట్టింది. చూడడం తెలిసినవాళ్ళకు తెలిసిపోతుంది. నేను చూడడం మానేసి చాలా రోజులైందన్నమాట.

“రమణీ.”

“ఏటత్తా?”

చేట ఆగింది. ఆమె కళ్ళు నా మొహం మీద కాదు, నా చేతుల మీద ఉన్నాయి.

“ఏట్నేదు. ఉప్పు తెచ్చాను.”

చేట మళ్ళీ మొదలైంది.

ఇప్పుడు ఏడో నెల. నాకు ఇంకా చెప్పలేదు. నేను ఇంకా అడగలేదు. తెల్లవారుతూనే, మాత్ర వేళకు, లేచి దగ్గుతాను, తలుపు చప్పుడయ్యేలా తీస్తాను, గట్టు చివరిదాకా నడిచివెళ్ళి మంచులో ఇంటివైపు వీపు పెట్టి నిలబడతాను. ఆమె పిలిస్తేనే లోపలికి వస్తాను. కొన్ని రోజులు పిలవదు. ఆ రోజుల్లో అటునుంచటే తోటలోకి వెళ్ళిపోతాను.